అడవిలోని చెక్క కాటేజీలో కుటుంబంతో బస: ముందస్తు ఏర్పాట్లు, జాగ్రత్తలు

అడవి మధ్య చెక్కతోనో వెదురుతోనో కట్టిన చిన్న కాటేజీలో ఇంటిల్లిపాదీ రెండు రోజులు గడిపి రావాలనే కోరిక ఈమధ్య చాలామందిలో కనిపిస్తోంది. మారేడుమిల్లి, అరకు దారిలోని టైడా, నల్లమలలోని బైర్లూటి, తెలంగాణ వైపు మన్ననూరు వంటి చోట్ల అలాంటి బసలు ఉన్నాయి. అక్కడికి వెళ్లినవారిలో కొందరు మళ్లీ ఎప్పుడు వెళదామా అని ఎదురుచూస్తుంటే, కొందరు మొదటి రాత్రికే విసిగిపోయి తెల్లవారగానే సామాను సర్దుకుంటారు. అడవి బసలోని కష్టమైనా సుఖమైనా సాయంత్రం ఐదు గంటల నుంచి మర్నాడు ఉదయం ఐదు గంటల వరకు ఉండే ఆ పన్నెండు గంటల్లోనే తేలుతుందని నా గట్టి నమ్మకం. పగలు ఎక్కడైనా గడిచిపోతుంది. అందుకని కింద చెప్పిన ఏర్పాట్లన్నీ ఆ రాత్రిని దృష్టిలో పెట్టుకుని చెప్పినవే. నాకు బాగా తెలిసిన మారేడుమిల్లి ప్రాంతాన్నే ఉదాహరణగా తీసుకుంటున్నాను, అయితే ఇందులో చాలా సంగతులు మిగతా చోట్లకూ వర్తిస్తాయి.

ఎప్పుడు వెళ్లాలి, ఎన్నాళ్లు ఉండాలి

నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు తూర్పు కనుమల్లో బసకు అనువైన కాలం. వాగుల్లో నీళ్లుంటాయి, కొండల మీద పచ్చదనం ఉంటుంది, తెల్లవారుజామున మంచు పడుతుంది. అయితే నవంబరులోనూ, డిసెంబరు మొదట్లోనూ బంగాళాఖాతంలో తుపానులు పుట్టే అవకాశం ఉంటుంది కాబట్టి బయలుదేరే ముందు మూడు నాలుగు రోజుల వాతావరణ సూచన తప్పక చూసుకోవాలి. ఘాట్ రోడ్డు మీద ఒక్క పెద్ద చెట్టు కూలినా, కొండచరియ జారినా అటువాళ్లు అటు, ఇటువాళ్లు ఇటు ఆగిపోవలసి వస్తుంది. జూన్ నుంచి సెప్టెంబరు వరకు అడవి అందంగా ఉండే మాట నిజమే గాని, చిన్నపిల్లలతోనూ పెద్దవాళ్లతోనూ వెళ్లడానికి అది తగిన కాలం కాదు. నల్లమలలో పులుల అభయారణ్యం లోపలి సందర్శనను వానాకాలంలో ఎలాగూ ఆపేస్తారు. మార్చి, ఏప్రిల్ నెలల్లో ఇప్పపూలు రాలతాయి, వాటి కోసం తెల్లవారుజామున ఎలుగుబంట్లు చెట్ల కిందికి వస్తాయి. పైగా రాలిన ఆకులు ఎండి, నిప్పు అంటుకునే ప్రమాదం ఎక్కువగా ఉండే రోజులు కూడా అవే.

ఒక్క రాత్రి కోసం వెళ్లవద్దని నా సలహా. మొదటి రాత్రి అందరికీ కొత్తగా ఉంటుంది. చప్పుళ్లకు పిల్లలు ఉలిక్కిపడతారు, పక్క మారినందువల్ల పెద్దవాళ్లకు నిద్ర పట్టదు. రెండో రోజుకు చీకటి అలవాటవుతుంది, దారి తెలుస్తుంది, పిల్లలు ఫోను అడగడం మానేస్తారు. అసలు సెలవు అప్పుడు మొదలవుతుంది. భద్రాచలం దర్శనం, పాపికొండల లాంచీ ప్రయాణం, అడవి బస అన్నీ కలిపి రెండు రోజుల్లో ముగించే పథకాల వల్ల కారులో కూర్చున్న సమయమే ఎక్కువవుతుంది. వీలైతే శని, ఆదివారాలు, కార్తీక మాసపు వనభోజనాల రోజులు, సంక్రాంతి సెలవులు తప్పించి వారం మధ్యలో వెళ్లండి. ఆ రోజుల్లో పెద్దగా పాటలు పెట్టుకునే గుంపుల బెడద తక్కువ.

బుక్ చేసే ముందు ఫోనులో అడగవలసినవి

ఫొటోలు చూసి నిర్ణయం తీసుకోవద్దు. కాటేజీని చూసుకునే మనిషితో నేరుగా మాట్లాడండి. మొదట బాత్రూము గురించి అడగాలి. గదిలోనే ఉందా, బయట ఉందా, బయటైతే ఎన్ని అడుగుల దూరం, దారిలో రాత్రంతా దీపం వెలుగుతుందా, కమోడ్ ఉందా లేక కింద కూర్చునే పద్ధతా అన్నది తెలుసుకోవాలి. మోకాళ్ల నొప్పులున్న అమ్మమ్మకో తాతయ్యకో ఈ ఒక్క విషయం మీదే ప్రయాణమంతా ఆధారపడి ఉంటుంది. చాలా కాటేజీలను నేలకు ఎత్తుగా దిమ్మెల మీద కడతారు. కాబట్టి ఎన్ని మెట్లున్నాయి, పట్టుకోవడానికి కమ్మీ ఉందా అని కూడా అడగండి.

కరెంటు ఎన్ని గంటలుంటుంది, పోతే జనరేటరు ఎప్పటిదాకా నడుపుతారు, వేణ్ణీళ్లు గీజరు నుంచి వస్తాయా లేక పొయ్యి మీద కాచి బకెట్లలో తెచ్చిస్తారా, కిటికీలకు దోమల జాలీ ఉందా, రాత్రి ఆవరణలో కాపలాదారు ఉంటాడా అన్నవి తర్వాతి ప్రశ్నలు. చివరి ప్రశ్నను మొహమాటపడకుండా అడగాలి. రాత్రిపూట పిలిస్తే పలికే మనిషి లేని చోట, చిన్నపిల్లలున్న కుటుంబం దిగకపోవడమే మంచిది. భోజనం ఎవరు వండుతారు, ఎంత ముందుగా చెప్పాలి అన్నది కూడా అప్పుడే మాట్లాడుకోండి. మారేడుమిల్లి చిన్న ఊరు. సాయంత్రం ఏడింటికి పదిమందికి వంట కావాలంటే సరుకు దొరకదు.

చీకటి పడకముందే చేరుకోవాలి

రాజమహేంద్రవరం నుంచి మారేడుమిల్లి సుమారు 85 కిలోమీటర్లు. కోరుకొండ, గోకవరం దాటి రంపచోడవరం చేరేదాకా దారి తేలికగానే సాగుతుంది. ఆ తర్వాత అడవి దగ్గరపడుతుంది, మారేడుమిల్లి దాటి చింతూరు వైపు వెళితే ఘాట్ మలుపులు మొదలవుతాయి. రాజమహేంద్రవరంలో ఉదయం తొమ్మిదింటికి బయలుదేరితే దారిలో టిఫిను, విశ్రాంతి కలుపుకున్నా మధ్యాహ్న భోజనం వేళకు చేరుకోవచ్చు. హైదరాబాదు, విజయవాడల నుంచి వచ్చేవారు ఒకే రోజులో అంత దూరం లాగించకుండా, ముందురోజు రాత్రి రాజమహేంద్రవరంలోనో భద్రాచలంలోనో ఆగడం మంచిది. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారికి చింతూరు మీదుగా ఘాట్ ముందే ఎదురవుతుంది కాబట్టి ఆ దారిని పూర్తి వెలుతురులోనే దాటాలి.

డిసెంబరులో ఐదున్నరకల్లా పొద్దుగుంకుతుంది, కొండ నీడ పడే చోట అంతకన్నా ముందే మసక కమ్ముకుంటుంది. అందువల్ల మధ్యాహ్నం మూడు దాటకుండా కాటేజీలో కాలు పెట్టాలన్నది తప్పనిసరి నియమంగా పెట్టుకోండి. నల్లమల వైపు వెళ్లేవారికి ఈ నియమం మరింత అవసరం. శ్రీశైలం వెళ్లే అటవీ మార్గాల్లోని చెక్‌పోస్టులను రాత్రి తొమ్మిది నుంచి ఉదయం ఆరు వరకు మూసివేస్తారు.

పెట్రోలు, నగదు, మందులు రంపచోడవరంలోగా చూసుకోవాలి. ఏరియా ఆసుపత్రి కూడా అక్కడే ఉంది, వెళ్లేటప్పుడే దాని దారి ఒకసారి చూసి పెట్టుకుంటే మంచిది. మలుపుల్లో వాంతులయ్యే పిల్లలకు బయలుదేరే ముందు నూనె వస్తువులు పెట్టకుండా ఒకటి రెండు ఇడ్లీలతో సరిపెట్టి, కిటికీ పక్కన కూర్చోబెట్టి, ఫోను చూడనివ్వకుండా దూరంగా ఉన్న కొండలను చూపిస్తూ ఉంటే చాలావరకు సర్దుకుంటుంది.

ఏమేమి తీసుకెళ్లాలి

సామాను తక్కువగా ఉంటేనే మేలు, కాని కొన్ని వస్తువులకు ప్రత్యామ్నాయం ఉండదు. మనిషికొక టార్చిలైటు ఉండాలి. ఫోనులోని లైటును టార్చిగా లెక్క వేయకండి, చార్జింగు అయిపోయేది సరిగ్గా అవసరమైన వేళకే. పిల్లలకు కూడా సొంత టార్చి ఇస్తే చీకటి అంటే భయం సగం తగ్గుతుంది. ప్రతి పిల్లవాడి మెడలో ఒక ఈల వేసి, దారి తప్పితే కదలకుండా ఒకచోట నిలబడి మూడుసార్లు ఊదాలని ఇంటి దగ్గరే నేర్పించండి. వేళ్లు పూర్తిగా కప్పే బూట్లు, ఒంటికి నిండుగా ఉండే నూలు చొక్కాలు, పొడవు ప్యాంట్లు, సాయంత్రాలకు స్వెటరు, మంకీ టోపీ కావాలి. కాటేజీలో దోమతెర ఇస్తారని చెప్పినా మన తెర ఒకటి వెంట ఉండాలి, కట్టుకోవడానికి నాలుగు మూరల తాడు కూడా పెట్టుకోండి.

బీపీ, షుగరు, ఆయాసం మందులు రెండు రోజులు ఎక్కువే ఉంచుకోవాలి. వాటితోపాటు ఓఆర్ఎస్ పొట్లాలు, పారాసెటమాల్, దూది, గాజు గుడ్డ, చర్మానికి రాసుకునే దోమల నివారణ క్రీము చాలు. పిల్లలకు ఏ మందు ఎంత ఇవ్వాలో ముందే డాక్టరు చేత కాగితం మీద రాయించుకోండి. కొండల్లో సిగ్నలు దొరుకుతుందన్న భరోసా లేదు కాబట్టి దారి మ్యాపును ముందే ఫోనులో దింపుకోవాలి, ముఖ్యమైన నంబర్లు కాగితం మీద ఉండాలి. ఎక్కడ దిగుతున్నది, ఎప్పుడు తిరిగి వస్తున్నది ఊళ్లో ఉన్న ఒక బంధువుకు చెప్పి వెళ్లండి.

దిగిన మొదటి గంట

సామాను దించగానే పిల్లలు వాగు వైపు పరుగుతీస్తారు, పెద్దవాళ్లు టీ అడుగుతారు. ఆ ఉత్సాహాన్ని ఒక గంట ఆపి, ఇద్దరు పెద్దలు కాటేజీని పూర్తిగా పరిశీలించాలి. చెక్క గోడలు ఎండకూ వానకూ బిగిసి వదులవుతూ ఉంటాయి, పలకల మధ్య సందులు పడతాయి. టార్చి వేసి గోడ, నేల కలిసే చోట చుట్టూ చూడండి. వేలు దూరేంత సందు కనిపిస్తే పాత గుడ్డతో కూరండి. మంచాన్ని గోడ నుంచి జానెడు దూరం జరపండి. పరుపు ఎత్తి, దిండ్లు, దుప్పట్లు బయట ఎండలో దులపండి. బాత్రూములో బకెట్టు వెనక, తలుపు మూల, కమోడ్ మూత కింద చూడండి. తేళ్లకు చల్లని చీకటి మూలలంటే ఇష్టం. గుమ్మం ముందు కట్టెల దొంతర ఉంటే దూరంగా పెట్టించమని కాపలాదారుకు చెప్పండి.

తర్వాత దోమతెర కట్టాలి. ఇది వెలుతురు ఉండగానే చేయవలసిన పని. తెర అంచులు నేల మీద వేలాడితే ప్రయోజనం లేదు. నాలుగు వైపులా పరుపు కిందికి అరచేయి లోతున దోపి, ఒక్క వైపు మాత్రం లోపలికి దూరడానికి వదిలి, లోపలికి వెళ్లాక దాన్నీ దోపుకోవాలి. మలేరియాను మోసే దోమలు పొద్దుగుంకింది మొదలు తెల్లవారేదాకా కుడతాయి కాబట్టి ఏజెన్సీ ప్రాంతంలో తెర లేని నిద్ర అనే మాటే ఉండకూడదు. తెర వల్ల మరో రక్షణ కూడా ఉంది. కట్లపాము రాత్రిపూట ఇళ్లలోకి వచ్చి నేల మీద పడుకున్నవారిని కాటేస్తుంది, ఆ కాటు నొప్పి తెలియనంత సన్నగా ఉండవచ్చు. మంచం మీద, బాగా దోపిన తెరలో పడుకున్నవారికి ఆ ప్రమాదం చాలావరకు తప్పుతుంది. మనుషులు ఎక్కువై మంచాలు చాలకపోతే నేల మీద పక్కలు వేసుకోకుండా అదనపు మంచం అడిగి తీసుకోండి.

తినే వస్తువులన్నీ మూత బిగిసే డబ్బాల్లోకి మార్చాలి. బిస్కెట్ పొట్లం విప్పి పెడితే కోతులు, చీమలు, ఎలుకలు వస్తాయి, ఎలుక వెంట పాము వస్తుంది. చెత్త సంచిని రాత్రి గది బయట వదలకుండా కాపలాదారు చూపించిన చోట వేయాలి, ప్లాస్టిక్కు మాత్రం మనతోనే తిరిగి ఊరికి తెచ్చుకోవాలి.

వంట, నిప్పు

మారేడుమిల్లి వెళ్లి బొంగులో చికెన్ తినకుండా వచ్చేవారు తక్కువ. అది వండే తీరును పిల్లలను దగ్గర నుంచి చూడనివ్వడం తినడంతో సమానమైన అనుభవం. ఒక చివర గణుపు మూసి ఉన్న పచ్చి వెదురు బొంగులో, ఉప్పు, కారం, పసుపు, అల్లం వెల్లుల్లి, నిమ్మరసం పట్టించిన ముక్కలను కూరి, మూతిని ఆకులతో బిగించి నిప్పుల మీద ఏటవాలుగా పెడతారు. నూనె చుక్క వేయరు. బొంగును తిప్పుతూ ఉంటే పచ్చి పై తొక్క ముందు గోధుమ రంగుకు తిరిగి, తర్వాత నల్లగా మాడుతుంది. లోపలి నీరు ఆవిరై ముక్కను ఉడికిస్తుంది. ఆకుల సందుల్లోంచి ఆవిరి బుసలు కొట్టడం మొదలైందంటే వంట దగ్గరపడినట్టే. తొందరపెడితే ఎముక దగ్గర ఉడకదు. కాబట్టి ఆకులో పోయించుకున్నాక అన్నిటికన్నా పెద్ద ముక్కను విరిచి, ఎముక పక్కన ఎర్రదనం లేదని చూసి గాని పిల్లలకు పెట్టవద్దు. స్థానికుల దగ్గర కొని తినండి, మన చేత్తో అడవిలో వెదురు నరకడం తప్పు.

చలిమంట విషయంలో ఒక్కటే పద్ధతి. కాటేజీవారు కేటాయించిన గుంటలోనే, వారి అనుమతితోనే మంట వేయాలి. రిజర్వు అడవిలో నిప్పు రాజేయడం 1967 నాటి అటవీ చట్టం ప్రకారం నేరం. పడుకోబోయే ముందు నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోసి, బూడిద మీద చేయి ఆనించేంత చల్లారిందని చూసుకున్నాకే లోపలికి వెళ్లాలి. గదిలో దోమల చుట్ట వెలిగిస్తే చెక్క నేల మీద నేరుగా పెట్టకుండా స్టీలు పళ్లెంలో పెట్టండి, దుప్పటి అంచులు దానికి తగలకూడదు. చలికి తట్టుకోలేక కొందరు బొగ్గుల కుంపటిని గదిలో పెట్టుకుని తలుపులు మూసుకుంటారు. దాన్నుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది. ఎంత చలైనా ఆ పని చేయవద్దు. మరో రెండు దుప్పట్లు అడగండి.

రాత్రి గడపడం

భోజనం ఏడున్నరకల్లా ముగించాలి. ఆ తర్వాత దొరికే రెండు గంటలే ఈ ప్రయాణానికి ప్రాణం. ఇంటి దగ్గర ఒకరికొకరు తీరిక చిక్కని మనుషులు ఒకే దీపం చుట్టూ కూర్చునే అవకాశం అది. దానికోసం ప్రత్యేకమైన ఆటవస్తువులు అవసరం లేదు. అంత్యాక్షరి, పొడుపుకథలు, తాతయ్య చిన్ననాటి కబుర్లు చాలు. ఆ కొండలకు సంబంధించిన చరిత్ర చెప్పాలంటే అల్లూరి సీతారామరాజు కథ ఉండనే ఉంది. 1922 ఆగస్టులో చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి పోలీసు స్టేషన్ల మీద వరుసగా మూడు రోజులు దాడి చేసి ఆయుధాలు తీసుకెళ్లిన సంగతిని, అదే మన్యంలో కూర్చుని వింటున్నప్పుడు పిల్లల కళ్లలో కనిపించే వెలుగు పాఠ్యపుస్తకం ముందు కనిపించదు.

దీపం ఆర్పాక చప్పుళ్లు మొదలవుతాయి. ఎండుటాకుల మీద ఎలుక నడిచినా పెద్ద జంతువు వచ్చినట్టే వినిపిస్తుంది. "తాతయ్యా, బయట ఎవరో నడుస్తున్నారు" అని పిల్లవాడు అంటే, ఏమీ లేదు పడుకో అని కసరవద్దు. కిటికీలోంచి టార్చి వేసి చూపించి, అది ఏమై ఉంటుందో కలిసి ఆలోచించండి. కీచురాళ్ల రొద, గుడ్లగూబ కూత, పెంకుల మీద రాలే మంచు చుక్కలు అన్నీ ఒక్కొక్కటిగా గుర్తుపట్టడం నేర్చుకుంటే రెండో రాత్రి వాళ్లే మనకు చెబుతారు. రాత్రి బాత్రూముకు ఎవరు లేచినా మరొకరిని లేపాలి, కాలు కింద పెట్టే ముందు టార్చి వేయాలి, బూట్లు తిరగేసి దులిపి తొడుక్కోవాలి. చీకటి పడ్డాక పిల్లలు ఆవరణ దాటకూడదు, పెద్దలు కూడా సరదా కోసం అడవిలోకి నడవకూడదు.

ఒకవేళ పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించడం, పసరు పూయడం వంటివేవీ చేయకూడదు. ఉంగరాలు, గాజులు తీసి, కరిచిన చేయిని లేదా కాలిని కదలకుండా ఉంచి, ధైర్యం చెబుతూ ఆసుపత్రికి తీసుకెళ్లాలి. 108కి ఫోను చేస్తూనే, సొంత వాహనం ఉంటే అంబులెన్సుకు ఎదురు వెళ్లడం మేలు. తెల్లవారుజామున కారణం లేకుండా కడుపునొప్పి వచ్చి, కనురెప్పలు వాలిపోతుంటే, గాటు కనిపించకపోయినా కట్లపాము కాటేమోనని అనుమానించి వెంటనే బయలుదేరాలి.

ఉదయం నడక, వాగులు

సూర్యోదయం తర్వాత మొదటి రెండు గంటలు నడకకు శ్రేష్ఠమైనవి. దారి తెలిసిన స్థానికుణ్ని వెంట పెట్టుకుని, అతనికి తగిన రుసుము ఇవ్వండి. కొండరెడ్లు, కోయలు ఈ అడవిని చెట్టుచెట్టునా ఎరిగినవారు. మనం పిచ్చిమొక్క అనుకుని దాటిపోయేదాని దగ్గర వెంట వచ్చిన ఆ స్థానికుడు ఆగి, ఆకు నలిపి వాసన చూపిస్తాడు. నిశ్శబ్దంగా నడిస్తే కొమ్మల మీద బెట్టుడుత కనిపించవచ్చు, తల నుంచి తోక దాకా మూడు అడుగులుండే ఆ ఎర్రటి ఉడుతను చూస్తే పిల్లలు చాలాకాలం మరచిపోరు. గిరిజన గూడేల్లో ఇళ్లలోకి తొంగిచూడటం, అడగకుండా ఫొటోలు తీయడం మర్యాద కాదు. పిల్లలకు చాక్లెట్లు పంచిపెట్టే అలవాటు కూడా మానుకుంటే మంచిది, ఆ డబ్బుతో వారు అమ్మే తేనె, అడ్డాకులు, చీపుళ్లు కొనవచ్చు.

జలతరంగిణి, అమృతధార జలపాతాలు చింతూరు వెళ్లే దారిలో ఉన్నాయి. జలపాతం కింది రాళ్ల మీద పాచి ఉంటుంది, అది కంటికి కనిపించదు. పిల్లవాడు పెద్దవాళ్ల చేయి అందేంత దూరంలోనే ఉండాలి, లోతు తెలియని మడుగులో ఈత వచ్చినవారు కూడా దిగకూడదు. మనమున్న చోట ఎండ కాస్తున్నా పై కొండల్లో వాన పడితే వాగు నిమిషాల్లో పెరుగుతుంది. నీటి రంగు ఎర్రబారినా, ఆకులు, పుల్లలు కొట్టుకొస్తున్నా మరుక్షణం ఒడ్డెక్కాలి. వాగు నీరు ఎంత తేటగా ఉన్నా మరిగించకుండా తాగవద్దు. గుడిస పచ్చికబయళ్లలో సూర్యోదయం చూడటానికి తెల్లవారుజామున జీపుల్లో వెళతారు. చంటిపిల్లలు, నడుమునొప్పి ఉన్నవారు ఆ ఎగుడుదిగుడు దారిని తప్పించుకుని కాటేజీ వరండాలో టీ తాగుతూ కూర్చోవడం ఉత్తమం.

తిరిగి వచ్చాక

కాటేజీ ఖాళీ చేసే ముందు మంచాల కింద, వరండాలో మన చెత్త ఏదీ మిగలలేదని చూసుకోండి. ఇల్లు చేరిన రోజే బట్టలన్నీ వేణ్ణీళ్లలో ఉతికి, సంచులను ఎండలో దులిపి ఆరవేయాలి. స్నానం చేసేటప్పుడు పిల్లల చంకలు, గజ్జలు, చెవుల వెనక, మోకాళ్ల వెనక పరీక్షగా చూడండి. పొదల్లో ఉండే అతి చిన్న నల్లి జాతి పురుగులు కుడితే స్క్రబ్ టైఫస్ అనే జ్వరం రావచ్చు. కుట్టిన చోట కాలిన మచ్చలాంటి నల్లటి పెచ్చు కట్టడం దాని గుర్తు, కాని అది అందరిలోనూ కనిపించదు. మలేరియా కూడా కుట్టిన వెంటనే బయటపడదు, వారం పది రోజులు దాటాక మొదలవుతుంది. అందువల్ల తిరిగి వచ్చిన నెల రోజుల్లోపు ఎవరికి జ్వరం వచ్చినా, మామూలు జలుబని మాత్ర వేసి ఊరుకోకుండా డాక్టరు దగ్గరకు వెళ్లి, ఫలానా తేదీల్లో ఏజెన్సీ అడవిలో బస చేశామని ముందుగానే చెప్పి, మలేరియాకూ స్క్రబ్ టైఫస్‌కూ రక్తపరీక్ష చేయించమని అడగండి. రెండింటికీ మంచి మందులు ఉన్నాయి, సమయానికి వాడితే పూర్తిగా నయమవుతాయి.